గాలి సెలవు

ఈ రోజు బోరా గాలి
గంటకి నూట పది కిలోమీటర్లట.
త్రియెస్తే రేవులో క్రేన్లన్నీ
మెడలు బిగించుకుని నిలబడ్డాయి.
తెల్లారకుండానే మేస్త్రీ ఫోను:
"రావొద్దు రుజ్జెరో, ఇంట్లోనే ఉండు."

లొరెదానా ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ
గుమ్మంలో ఒక్క మాట అంది:
"బంగాళాదుంపలు మొలకలొస్తున్నాయి, చూడు."
చూడు అంటే వండు అని
తొమ్మిదేళ్ళ కాపురం నేర్పింది.

తొక్కతోనే ఉడకబెట్టాం.
వేడి మీదే ఒలవాలి, చల్లారితే జిగురు.
ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి
దుంపని ఎగరేస్తూ, ఊదుకుంటూ ఒలుస్తుంటే
పిల్లలకి నేను సర్కస్ వాణ్ణి.

ఏడేళ్ళ అలిదా లెక్కల మనిషి.
"పిండి ఎన్ని గ్రాములు నాన్నా?"
మా అమ్మ రాసిన కాగితం తీశాను.
దుంపలు కిలో, గుడ్డు ఒకటి, ఉప్పు చిటికెడు.
పిండి దగ్గర మాత్రం
"అడిగినంత" అని ఉంది.
"ఎవరు అడిగినంత?"
"ముద్ద."
అలిదా వంగి ముద్దకి చెవి ఆనించింది.
"ఇంకా ఏమీ అడగలేదు," అంది.

సరేనని ఆపేశాను. అదీ తప్పు.
మొదటి వాయి నీళ్ళలో పడీ పడగానే
విడిపోయి, మబ్బై, మాయమైంది.
నలభై టన్నుల పెట్టెని
ఓడ కడుపులోంచి లేపి
లారీ మీద గుడ్డు పెట్టినట్టు పెట్టే చేతులివి.
వేలెడంత ముద్దని నిలబెట్టలేకపోయాయి.
అలిదా గరిటెతో తిప్పి చూసి
"గంజి," అని తీర్పు చెప్పింది.
ఆ గంజిలోనే వెన్న వేసుకుని
నిలబడే తాగేశాం ముగ్గురం.
అమ్మకి చెప్పకూడదని ఒట్టు.

రెండోసారి తెలిసింది:
చేతికంటుకుని వదలకపోవడమే
అది అడగడం.
ఇచ్చాను. ఇంకాస్త ఇచ్చాను.
పేచీ పెట్టే పిల్లలా
ఉన్నట్టుండి ఊరుకుంది.

తాళ్ళుగా పేని, ముక్కలు కోసి,
ఫోర్కు వీపు మీద బొటనవేలితో జార్చాలి.
నావి కవాతు వరస.
అలిదావి నా వాటికన్నా నీటు.
నాలుగేళ్ళ నెవియోవి
ఒకటి గవ్వ, ఒకటి చెవి,
ఒకటి ఎవరో తొక్కిన నత్త.
పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ
ఇక్కడ వేలు కొద్దీ ముద్ద.

పై అంతస్తులో జోరా గారి పూలకుండీ
బాల్కనీ అంతా దొర్లుతోంది.
మిగిలిన ముద్దలో ప్లమ్ పళ్ళు పెట్టాం,
గింజ తీసి, ఆ చోట చక్కెర బిళ్ళ.
జోరా గారే మెట్ల మీద చెప్పిన కిటుకు.
గింజలన్నీ నెవియో జేబులోకి వెళ్ళాయి.
ఎందుకురా అంటే
"వాటికి ఇల్లు పోయింది కదా," అన్నాడు.

నీళ్ళు మరిగాయి.
స్టూలు మీద ఇద్దరూ,
వాళ్ళ నడుముల చుట్టూ నా చెయ్యి.
వేసినవి వేసినట్టే మునిగిపోయాయి.
ఎవరం మాట్లాడలేదు.
అడుగున ఏదో కదిలి
ఒకటి పైకొచ్చింది, పక్కనే ఇంకోటి,
తర్వాత లెక్క అలిదాకే తెలియాలి.
నెవియో మాత్రం ఒకదాన్ని
పిడికిలి విప్పి ఇవ్వలేదు.
"దీనికి ఈత రాదు."

సాయంత్రం లొరెదానా
చలికి ఎర్రబడ్డ ముక్కుతో వచ్చి
కోటు విప్పకుండానే రెండు తింది.
"దీని చెవికి పిండేమిటి?"
మేం గోడ వైపు చూశాం.

మూడో రోజు గాలి పడిపోయింది.
నలభై మీటర్ల ఎత్తున, క్రేను గదిలో
చలికి జేబులో చెయ్యి పెడితే
గట్టిగా ఏదో తగిలింది.
రాయనుకున్నాను.
నాలుగు గీతలు, వెనక చిన్న బొటనవేలి గుంట.
పక్కనే ఒక ప్లమ్ గింజ.
ఈత రానిదీ, ఇల్లు లేనిదీ.

కింద నుంచి రేడియోలో కేక:
"రుజ్జెరో, పెట్టె దించవయ్యా!"
"ఒక్క నిమిషం," అన్నాను.